తరగతి గది పోల్‌లో అందరూ ఓటేయగలిగేలా చేయడం: సమగ్ర మార్గదర్శి

పోల్ పెట్టారు. తెర మీద బార్లు లేచాయి. రెండో జవాబుకు 67 శాతం వచ్చింది, పాఠం ముందుకు సాగిపోయింది. క్లాసులో ఉన్నది 40 మంది, ఓటేసింది 36 మందే. అయినా బార్లన్నీ కలిపితే 100 శాతమే, ఎందుకంటే శాతాలన్నీ ఓటేసినవాళ్ల మీద కట్టిన లెక్కలు. ఓటేయలేకపోయిన నలుగురి జాడ ఆ బొమ్మలో ఎక్కడా ఉండదు. అందుకే పోల్‌లో లోపం ఉన్నా నెలల తరబడి ఎవరి కంటా పడదు.

కాబట్టి శాతాన్ని నమ్మకండి. క్లాసులో ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఓట్లు వచ్చాయి అన్న రెండు అంకెలనూ ప్రతి పోల్‌లో పక్కపక్కన పెట్టి చూడండి. కింది అంచెలన్నీ ఆ రెంటి మధ్య తేడాను తగ్గించడానికే.

1. ఎవరికి ఎక్కడ అడ్డం పడుతుందో ముందు గుర్తించండి

ప్రతి పోల్‌లోనూ మూడు ఘట్టాలు ఉంటాయి: చేరడం, ఓటేయడం, ఫలితం తెలుసుకోవడం. ఒక్కో విద్యార్థికి ఒక్కో చోట ఆగిపోతుంది.

చూపు లేనివారికి చేరడంలోనే చిక్కు. తెర మీది క్యూఆర్ కోడ్ ఎక్కడుందో వాళ్లకు తెలియదు. లోపలికి వచ్చాక స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ప్రశ్ననూ జవాబులనూ ఒకదాని తర్వాత ఒకటిగా వినిపిస్తుంది కాబట్టి, చూసి చదివేవారి కంటే ఎక్కువ సమయం పడుతుంది. చూపు తక్కువగా ఉన్నవారు తెరను చూడలేకపోయినా తమ ఫోన్‌లో పెద్దది చేసుకుని చదవగలరు. అయితే ప్రశ్న ఫోన్‌లోకి రావాలి కదా.

వినికిడి లోపం ఉన్నవారికి ఇబ్బంది వేరు. సంజ్ఞా భాష అనువాదకుడిని చూస్తూ అదే క్షణంలో ప్రశ్న చదవలేరు. చేతుల కదలిక కష్టమైనవారికి చిన్న బటన్లు, లాగి వదలాల్సిన జవాబులు, టైమర్ అడ్డు. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్నవారికి, త్వరగా ధ్యాస చెదిరేవారికి పొడుగాటి ప్రశ్న, నేపథ్య సంగీతం, ర్యాంకుల పట్టిక అడ్డు. రంగులు సరిగా పోల్చుకోలేనివారికి ఎరుపు, ఆకుపచ్చ బార్లు ఒకేలా కనిపించవచ్చు. ఇక ఫోన్ లేనివారు, నెట్ అందనివారు ఏ క్లాసులోనైనా ఉండొచ్చు.

ఎవరికేం కావాలో క్లాసులో నిలబెట్టి అడగకండి. మొదటి వారంలోనే అందరికీ ఒకే సందేశం పంపండి: "ఈ క్లాసులో పోల్స్ ఉంటాయి. వాటిలో పాల్గొనడానికి మీకు ఏ ఏర్పాటైనా కావాలంటే నాకు విడిగా రాయండి. కారణం చెప్పనక్కర్లేదు." ఈ చివరి వాక్యం ఉంటేనే జవాబులు వస్తాయి.

2. పోల్ నడిపే టూల్‌ను (యాప్ లేదా వెబ్‌సైట్) పదిహేను నిమిషాలు పరీక్షించండి

"మా టూల్ అందరికీ అందుబాటులో ఉంటుంది" అన్న ప్రకటన చూసి ఊరుకోకండి. నాలుగు ప్రశ్నలతో ఒక నమూనా పోల్ తయారు చేయండి. ఒక బ్రౌజర్‌లో టీచర్‌గా, ఇంకో బ్రౌజర్‌లో లాగిన్ లేకుండా విద్యార్థిగా తెరవండి. కింది పరీక్షలు విద్యార్థి వైపు చేయాలి.

కీబోర్డ్ పరీక్ష, 4 నిమిషాలు. మౌస్ పక్కన పెట్టేయండి. కోడ్ కొట్టడం నుంచి ఓటు పంపడం దాకా అంతా ట్యాబ్, బాణం కీలు, స్పేస్, ఎంటర్‌లతోనే చేయండి. ట్యాబ్ నొక్కితే మొదటి జవాబు దగ్గర ఆగి, మళ్లీ నొక్కితే నేరుగా పంపే బటన్‌కు పోయిందనుకోండి, కంగారు పడకండి. రేడియో బటన్లు (గుంపులో ఒక్కటే ఎంచుకోగల గుండ్రటి బటన్లు) పని చేసే తీరే అది. గుంపులోకి ట్యాబ్‌తో వెళ్లాలి, జవాబుల మధ్య బాణం కీలతో కదలాలి. చూడాల్సింది ఇంకోటి: ఇప్పుడు ఎక్కడున్నారో చూపే గీత ప్రతి అడుగులోనూ కనిపిస్తోందా? అది మాయమైతే కీబోర్డ్ వాడేవాళ్లు గుడ్డిగా తడుముకోవాల్సిందే.

స్క్రీన్ రీడర్ పరీక్ష, 6 నిమిషాలు. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. ఇన్‌స్టాల్ చేశాక కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే మొదలవుతుంది. ఇన్సర్ట్, క్యూ కలిపి నొక్కితే ఆపాలా అని అడుగుతుంది. పేజీలో హెచ్ నొక్కితే శీర్షికలకు, ఆర్ నొక్కితే రేడియో బటన్లకు, బి నొక్కితే బటన్లకు వెళ్తుంది. మానిటర్ ఆపేసి వినండి. ఈ ఐదూ వినపడాలి:

- మొదటి జవాబు దగ్గరకు వెళ్లగానే అది ఏ ప్రశ్నకు చెందినదో
- మొత్తం జవాబుల్లో ఇది ఎన్నోదో
- ఎంచుకున్న జవాబు ఏదో
- ఓటు పంపగానే "అందింది" అన్న మాట, దాన్ని వెతుక్కోకుండానే
- కొత్త ప్రశ్న తెరుచుకుందన్న సంగతి

"బటన్, బటన్, బటన్" అని మాత్రమే వినిపిస్తే ఆ బటన్లకు పేర్లు పెట్టలేదన్నమాట. దానికి మీ వైపు నుంచి మరమ్మతు లేదు, ఆ ప్రశ్న రకం వదిలేయడమే.

ఫోన్ పరీక్ష, 3 నిమిషాలు. ఆండ్రాయిడ్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ షార్ట్‌కట్ ఆన్ చేసి ఉంటే రెండు వాల్యూమ్ బటన్లూ మూడు సెకన్లు అదిమి పట్టుకుంటే మొదలవుతుంది. కుడివైపుకు వేలు జరిపితే తర్వాతి అంశం, రెండుసార్లు తడితే ఎంపిక. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్‌కూ ఇవే సైగలు. కంప్యూటర్‌లో బాగా నడిచిన టూల్ ఫోన్ యాప్‌లో తేలిపోవడం మామూలే కాబట్టి రెండూ చూడాలి. యాప్ కంటే బ్రౌజర్ లింకే మెరుగ్గా నడిస్తే, విద్యార్థులకు ఆ లింకే ఇవ్వండి.

జూమ్, రంగుల పరీక్ష, 2 నిమిషాలు. కంట్రోల్, ప్లస్ నొక్కుతూ 400 శాతానికి వెళ్లండి. 1280 పిక్సెళ్ల వెడల్పు విండోలో ఇది 320 పిక్సెళ్ల తెరతో సమానం. వాక్యం చదవడానికి పక్కకు జరపాల్సి రాకూడదు, పంపే బటన్ ఏ పట్టీ కిందా దాక్కోకూడదు. ఆ తర్వాత డిస్‌ప్లేను నలుపు-తెలుపులోకి మార్చి, ఏ జవాబు ఎంచుకున్నారో ఇంకా తెలుస్తోందా చూడండి.

సంస్థ తరఫున టూల్ కొంటుంటే అమ్మేవారిని అందుబాటు నివేదిక అడగండి. వీపాట్ అనే నమూనాలో ఇస్తారు. పొడవు చూసి బెదరకండి. డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన అంతర్జాతీయ ప్రమాణం)లోని 2.1.1 కీబోర్డ్, 1.4.3 కాంట్రాస్ట్, 4.1.2 పేరు-పాత్ర-విలువ, 4.1.3 స్థితి సందేశాలు, ఈ నాలుగు వరుసలు చాలు. "పాక్షికంగా" అని రాసి ఉంటే ఏ భాగం పని చేయదో పక్కనే ఉండాలి. నివేదిక తేదీ, అది విద్యార్థి పేజీ గురించా లేక టీచర్ పేజీ గురించా అన్నది కూడా చూడండి. టీచర్ పేజీని మాత్రమే పరీక్షించి రాసిన నివేదిక మీకు ఉపయోగపడేది తక్కువ.

కీబోర్డ్‌తో గానీ స్క్రీన్ రీడర్‌తో గానీ ఓటు పడకపోతే అక్కడికి ఆపేయండి. మిగతా హంగులు ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు. టూల్ పెద్దగా మారినప్పుడల్లా, ప్రతి టర్మ్ మొదట్లోనూ పరీక్ష మళ్లీ చేయాలి.

3. ప్రశ్న రకం ఎంచుకోండి

ఒక జవాబు ఎంచుకునే ప్రశ్న అన్నిటికంటే నమ్మకమైనది. చిన్న వాక్యం టైప్ చేసే ప్రశ్న కూడా దాదాపు అంతే. తక్కినవాటికి ప్రత్యామ్నాయం ఉంటేనే వాడండి.

- బొమ్మ మీద చోటు నొక్కే ప్రశ్న: కీబోర్డ్‌తో సాధారణంగా సాధ్యపడదు. బొమ్మలోని చోట్లకు పేర్లు రాసి, ఆ పేర్లనే జవాబులుగా ఇవ్వండి.
- లాగి వరసలో పెట్టే ప్రశ్న: "మొదట ఏది?" అని మామూలు ప్రశ్నగా అడగండి, లేదా నాలుగు వరసలు తయారుగా ఇచ్చి ఒకటి ఎంచుకోమనండి.
- స్లైడర్: అంకె టైప్ చేసే పెట్టె మేలు.
- వర్డ్ క్లౌడ్ (ఎక్కువసార్లు వచ్చిన మాటను పెద్దగా చూపే బొమ్మ): మాట పంపడం సులువే. చిక్కంతా ఫలితంలో ఉంది, 9వ అంచె చూడండి.

డబ్ల్యూసీఏజీ 2.2, 2023 అక్టోబరులో వచ్చింది. లాగడంతో చేసే ఏ పనికైనా లాగకుండా, నొక్కడంతోనే చేసే దారి ఉండాలని అందులో చేర్చారు. నొక్కే చోటు కనీసం 24×24 పిక్సెళ్లు ఉండాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. 24 అన్నది కనీసం మాత్రమే. వేళ్లు వణికేవారికి 44×44 ఉంటేనే హాయి.

4. ప్రశ్న రాయండి

ఎంత మంచి టూల్ అయినా ప్రశ్న చెడ్డదైతే గోవిందా. ఒక నమూనా దగ్గరగా చూద్దాం. తెర మీద దూరం-కాలం గ్రాఫ్, అందులో ఒక ఎర్ర గీత, ఒక ఆకుపచ్చ గీత. ప్రశ్న ఇలా ఉంది:

"పై గ్రాఫ్‌ను గమనించి, 3వ సెకను వద్ద ఎర్ర గీత సూచించే బండి విషయంలో కింది వాటిలో ఏది సరికాదో చెప్పండి."

ఇందులో తప్పులు నాలుగు. గీతను రంగుతో మాత్రమే గుర్తించారు. "పై", "కింది" అన్న మాటలకు స్క్రీన్ రీడర్‌లో అర్థం లేదు. "సరికాదు" అనడం వల్ల జవాబులన్నీ తలకిందులుగా ఆలోచించాలి. గ్రాఫ్ గురించి మాటల్లో ఒక్క ముక్క లేదు. దీన్నే ఇలా మార్చవచ్చు:

"ప్రశ్న 3. గ్రాఫ్‌లో క బండి, గ బండి ఉన్నాయి. 3వ సెకనులో ఏది ఆగి ఉంది?
1. క మాత్రమే
2. గ మాత్రమే
3. రెండూ
4. ఏదీ కాదు"

గీతల పక్కనే క, గ అని రాసి, ఒకటి నిండు గీతగా, ఇంకోటి చుక్కల గీతగా గీయండి. జవాబులకు అంకెలు, గీతలకు అక్షరాలు ఎందుకంటే, రెండింటికీ ఎ, బి అని పెడితే "ఎ అంటే బండా, జవాబా?" అన్న గందరగోళం తప్పదు.

బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ): "దూరం-కాలం గ్రాఫ్. క గీత 0 నుంచి 4 సెకన్లలో 0 నుంచి 20 మీటర్లకు సూటిగా పెరుగుతుంది. గ గీత మొదటి 2 సెకన్లలో 0 నుంచి 10 మీటర్లకు పెరిగి, 4వ సెకను దాకా 10 మీటర్ల దగ్గర అడ్డంగా ఉంటుంది." ఇది చదివినవాడికి గ్రాఫ్ చూసినవాడికి తెలిసినంతే తెలుస్తుంది. "గ బండి ఆగిపోయింది" అని రాస్తే జవాబు చెప్పేసినట్టే. "గ్రాఫ్" అని వదిలేస్తే ప్రశ్న అడగనట్టే. టూల్‌లో ఆల్ట్ టెక్స్ట్ పెట్టే చోటు లేకపోతే ఈ వివరణను ప్రశ్నలోనే కలిపేయండి. అందరికీ పనికొస్తుంది కూడా.

సమీకరణాలను బొమ్మగా అతికించకండి. చిన్నవైతే మాటల్లో రాయండి. పెద్దవైతే టూల్‌లోని గణిత ఎడిటర్‌తో రాసి, అది వినిపిస్తుందో లేదో ఎన్‌వీడీఏతో చూడండి. గణితం చదవడానికి అందులో అదనపు యాడ్-ఆన్ అవసరం కావచ్చు.

పోల్ పెట్టే ముందు చూసుకోవలసినవి:

- ప్రశ్నకు సంఖ్య ఉంది
- ప్రశ్న రెండు వాక్యాలకు మించలేదు
- జవాబులు నాలుగైదుకు మించలేదు, ఒక్కోటీ ఒక వరుసలో ఇమిడింది
- "పైవన్నీ", "1 మరియు 3 మాత్రమే" వంటివి లేవు (చెవితో వినేవారు వెనక్కి వెళ్లి మళ్లీ వినాల్సి వస్తుంది)
- అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు కనీసం 3:1

5. సెట్టింగ్‌లు సరిచేయండి

ఇది ఒకసారి చేసి మరిచిపోవచ్చు. ప్రశ్న, జవాబులు రెండూ విద్యార్థి ఫోన్‌లో కనిపించేలా పెట్టండి. ఆట తరహా టూల్స్ కొన్నింటిలో ప్రశ్న తెర మీద, ఫోన్‌లో ఉత్త రంగు బటన్లు మాత్రమే ఉండే ఏర్పాటు ఉంటుంది. అది మార్చే సెట్టింగ్ వెతకండి. కహూట్‌లో రంగుతోపాటు త్రిభుజం, డైమండ్, వృత్తం, చతురస్రం కూడా ఉండటం రంగు తెలియనివారికి మేలే. ప్రశ్న చదవలేనివారికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

టైమర్, వేగానికి అదనపు పాయింట్లు, ర్యాంకుల పట్టిక, సంగీతం ఆపేయండి. పేర్లు బయటపడకుండా పెట్టండి. జవాబు మార్చుకునే వీలు ఇవ్వండి, ఎందుకంటే వేలు జారి పడిన ఓటు కూడా ఓటే. పోల్ మూసేవరకు ఫలితాలు దాచండి. మెరిసే యానిమేషన్లు ఉంటే తీసేయండి. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేది ఏదీ తెర మీద ఉండకూడదు, మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది.

ప్రశ్న తెలుగులో ఉంటే ఇంకొక్క పని ఉంది. టూల్‌లో భాష సెట్టింగ్ ఉంటే తెలుగుకు మార్చండి. పేజీ భాష ఇంగ్లిష్ అని ఉంటే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తెలుగు అక్షరాలను దాటేయవచ్చు. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే చదివే గొంతుల సాఫ్ట్‌వేర్‌లో తెలుగు గొంతు ఉంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ గొంతుల్లోనూ తెలుగు ఉంది. విద్యార్థి దాన్ని పెట్టుకున్నారో లేదో ముందే కనుక్కోండి.

6. సమయం ఎంత ఇవ్వాలో లెక్క కట్టండి

ఎక్కువ మంది టీచర్లు తడబడేది ఇక్కడే. ముప్పాతిక మంది ఓటేయగానే పోల్ మూసేయడం వాడుక. మొదట ఓటేసేది చూసి, చదివి, టక్కున నొక్కగలిగినవాళ్లు. మిగిలేది విని, వెతికి, నెమ్మదిగా నొక్కేవాళ్లు. అంటే ముందుగా మూసిన ప్రతి పోల్‌లోనూ ఎప్పుడూ ఆ కొద్దిమంది ఓట్లే పోతాయి.

లెక్క ఇలా కట్టండి. ప్రశ్ననూ జవాబులనూ మామూలు వేగంతో పైకి చదివి సెకన్లు చూడండి. దాన్ని మూడింతలు చేసి 30 కలపండి. చదవడానికి 25 సెకన్లు పడితే 75కు 30 కలిపి 105 సెకన్లు. ఇది మొదటి అంచనా మాత్రమే. వచ్చిన ఓట్ల సంఖ్య చూసి తర్వాతి పోల్‌కు పెంచండి.

టైమర్ తీయడం కుదరని టూల్ అయితే, డబ్ల్యూసీఏజీలో సమయానికి సంబంధించిన నియమం ఒక కొలత ఇస్తుంది: గడువును ఆపేసే వీలు, లేదా పదింతల దాకా పెంచే వీలు, లేదా ముగిసే ముందు కనీసం 20 సెకన్లు హెచ్చరించి పొడిగించుకోనిచ్చే వీలు ఉండాలి. వేలం పాటలాంటి ప్రత్యక్ష ఘటనలకు మినహాయింపు ఉంది. క్లాసు పోల్ వేలం పాట కాదు.

ముందే ఓటేసినవాళ్లు ఖాళీగా ఉండి కబుర్లకు దిగుతారన్న భయం సహజమే. వాళ్లకు రాత పని ఇవ్వండి: "ఈ జవాబు ఎందుకో ఒక్క వాక్యం రాసుకోండి." పక్కవాళ్లతో చర్చించమనడం ఈ సమయంలో వద్దు. ఆ గోలలో స్క్రీన్ రీడర్ వినపడదు. చర్చ కావాలంటే పోల్ మూశాక పెట్టండి.

7. చేరే దారి ముందే వేయండి

- లింకును క్లాసుకు ముందు రోజే సందేశంగా పంపండి, టర్మ్ అంతా అదే లింకు ఉంటే మరీ మంచిది.
- తెర మీద క్యూఆర్ కోడ్ పక్కనే చిన్న లింకు, కోడ్ అంకెలు పెద్దగా రాయండి.
- కోడ్‌ను ఒక్కో అంకెగా రెండుసార్లు చదవండి.
- ఖాతా, పాస్‌వర్డ్, బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు గుర్తించే క్యాప్చా లేకుండా చేరే టూల్ ఎంచుకోండి.
- మొదటి ప్రశ్న ఎప్పుడూ మార్కుల్లేని అభ్యాస ప్రశ్న: "మీకు ఈ ప్రశ్న అందిందా? 1. అందింది. 2. అందింది, కానీ ఇబ్బందిగా ఉంది."

8. క్లాసులో ఈ వరస పాటించండి

ఒకటి. "పోల్ మొదలవుతోంది, ప్రశ్న 3" అని చెప్పండి. ప్రశ్న సంఖ్య చెప్పడం చిన్న విషయంలా ఉంటుంది గానీ, టూల్ కొత్త ప్రశ్న వచ్చిందని చెప్పని చోట స్క్రీన్ రీడర్ వాడేవారికి అదే ఆధారం. హెచ్ నొక్కి "ప్రశ్న 3" వినపడితే సరైన చోట ఉన్నట్టు.

రెండు. ప్రశ్ననూ జవాబులనూ సంఖ్యతో సహా పైకి ఒకసారి చదవండి.

మూడు. అనువాదకుడు ఉంటే అతని చేతులు ఆగేదాకా ఆగండి. మీరు ముగించిన కొన్ని క్షణాల తర్వాతే అతను ముగిస్తాడు. గడియారం అప్పుడు మొదలుపెట్టండి.

నాలుగు. మాట్లాడటం మానేయండి. ఇది చేయడమే కష్టం. "ఆలోచించండి, నిన్న చెప్పుకున్నాం కదా" అంటూ మీరు చెప్పేదంతా ఒక చెవిలో స్క్రీన్ రీడర్ వింటున్నవారికి రొద. వినికిడి లోపం ఉన్న విద్యార్థి అయితే ప్రశ్న వదిలి మళ్లీ అనువాదకుడి వైపు చూడాల్సి వస్తుంది. సూచన ఏదైనా ఉంటే ప్రశ్నలోనే రాయండి.

ఐదు. 30 సెకన్లు మిగిలాయనగా ఒకసారి మాటతో చెప్పి, తెర మీద కూడా చూపండి. బీప్ ఒక్కటే చాలదు.

ఆరు. ఓట్ల సంఖ్య తక్కువగా ఉంటే "ఇంకా ఎవరు వేయలేదు?" అని అడగకండి, చేయెత్తమనకండి. "మరో నిమిషం తెరిచి ఉంచుతున్నా" అనండి, చాలు.

స్క్రీన్ రీడర్ వాడేవారు ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకునేలా చూడండి. రెండో చెవి మీ మాట కోసం. ఇయర్‌ఫోన్ లేకపోతే వాళ్ల జవాబు పక్క బెంచీకి కూడా వినపడి, రహస్య ఓటు కాస్తా బహిరంగం అవుతుంది. సహాయకుడు ఉంటే అతను చదివి వినిపించవచ్చు, చెప్పిన బటన్ నొక్కవచ్చు. జవాబు సూచించకూడదు, ఎవరేం ఎంచుకున్నారో టీచర్‌కు చెప్పకూడదు.

9. ఫలితాన్ని చదివి వినిపించండి

"చూశారుగా, ఎక్కువ మంది ఇటే ఉన్నారు" అన్న మాట చూపు లేనివారికి శూన్యం. జవాబుల వరసలోనే అంకెలు చెప్పండి: "40 మందిలో 36 మంది ఓటేశారు. 1కి 5, 2కి 24, 3కి 4, 4కి 3. సరైన జవాబు 2, గ మాత్రమే." ఇంతా కలిపి పదిహేను సెకన్లు పట్టదు.

గుండ్రటి పై చార్ట్ కంటే బార్లు మేలు. ప్రతి బార్ మీద అంకె రాసి ఉండాలి. ఎక్కువ ఓట్ల నుంచి తక్కువకు అమర్చే సెట్టింగ్ ఉంటే ఆపేయండి, జవాబుల వరస మారితే అందరూ మళ్లీ వెతుక్కోవాలి. సరైనదాన్ని ఆకుపచ్చతో మాత్రమే కాక టిక్ గుర్తుతో చూపండి.

వర్డ్ క్లౌడ్ అయితే ఎక్కువగా వచ్చిన ఐదు మాటలు, ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చిందో చదివి, మొత్తం జాబితాను మామూలు అక్షరాలుగా క్లాసు పేజీలో పెట్టండి. మాట ఎంత పెద్దగా ఉందన్నదే అక్కడ సమాచారం. స్క్రీన్ రీడర్‌కు ఆ పరిమాణం తెలియదు.

10. ఫోన్ లేనివారికి అట్టలు సిద్ధంగా ఉంచండి

నెట్ పోయిన రోజున కూడా ఇవే ఆదుకుంటాయి. మందపాటి అట్ట మీద 1, 2, 3, 4 ఒక్కోదానికి ఒక్కోటిగా, వెనుక బెంచీ నుంచి చూపినా చదవగలిగేంత పెద్దగా రాయండి. అట్ట పై అంచున 1కి ఒక గాటు, 2కి రెండు, అలా నాలుగు దాకా పెడితే చూడకుండానే వేలితో గుర్తుపట్టొచ్చు. అట్టను ఛాతీకి ఆనించి మీ వైపు చూపమనండి, పక్కవాళ్లకు కనపడదు. చేయి ఎత్తలేనివారు అట్టను బల్ల మీద నిలబెడితే చాలు, లేదా చీటీ మీద అంకె రాసి ఇవ్వొచ్చు.

ప్లికర్స్ వాడితే విద్యార్థికి ఫోన్ అక్కర్లేదు. నలుపు-తెలుపు గుర్తు ఉన్న కార్డును ఏ వైపు పైకి తిప్పితే అదే జవాబు, టీచర్ ఫోన్‌తో స్కాన్ చేస్తారు. అంచున ఉండే అక్షరాలు చాలా చిన్నవి. కార్డు వెనుక నాలుగు అంచుల దగ్గరా ఒకటి, రెండు, మూడు, నాలుగు ఉబ్బెత్తు చుక్కలు అంటించండి. ముందువైపు గుర్తును కత్తిరించినా, వేళ్లు అడ్డం వచ్చినా స్కాన్ కాదు. మెరిసే లామినేషన్ మీద లైటు పడినా అంతే, మ్యాట్ వాడండి.

అట్టల ఓట్లను కూడా టూల్ ఓట్లతో కలిపి చదవండి. లేకపోతే అట్ట ఇచ్చి ఏం లాభం?

11. మార్కులు, హాజరు ముడిపడి ఉంటే

పోల్‌కు మార్కులు ఉంటే ఇచ్చిన అదనపు సమయం ఇక్కడా వర్తించాలి. అదే ప్రశ్నను ఆ రోజు చివరి దాకా తెరిచి ఉంచండి, లేదా టర్మ్‌లో కొన్ని పోల్స్‌ను అందరికీ లెక్కలోంచి తీసేయండి. సరైన జవాబుకు కాక పాల్గొన్నందుకు మార్కు ఇస్తే సగం తగాదాలు ఉండవు. హాజరును మాత్రం పోల్‌తో తీసుకోకపోవడమే మంచిది.

12. తరచూ వచ్చే చిక్కులు, వాటి మరమ్మతు

ఓటు రెండుసార్లు పడుతోంది. "అందింది" అన్న సందేశం స్క్రీన్ రీడర్‌కు చేరక విద్యార్థి మళ్లీ నొక్కుతున్నాడు. ఒక్కొక్కరికి ఒక్క ఓటే అని సెట్టింగ్ పెట్టి, పంపాక పేజీ ఎలా మారుతుందో అభ్యాస ప్రశ్నప్పుడే చెప్పండి.

పంపే బటన్ దొరకడం లేదు. జూమ్ చేసినప్పుడు కింది పట్టీ దాన్ని కప్పేస్తోంది. ఫోన్‌ను నిలువుగా పట్టుకోమనండి, కుకీల బ్యానర్ మూయమనండి. జవాబులు పొడుగ్గా ఉంటే కుదించండి.

వీడియో క్లాసులో పోల్ పెట్టె చూసుకునేలోపే మూసుకుపోతోంది. పెట్టె తెరుచుకున్నా కీబోర్డ్ అక్కడికి చేరడం లేదు. అదే ప్రశ్నను చాట్‌లో కూడా అతికించి, జవాబు అంకెను మీకు ఒక్కరికే పంపమనండి.

అదే విద్యార్థి ప్రతిసారీ చివర ఓటేస్తున్నాడు. సమయం చాలడం లేదన్నమాట. ప్రశ్నలను క్లాసుకు ముందే, సరైన జవాబులు లేకుండా, అతనికి పంపండి.

క్లాసు మధ్యలో టూల్ ఒకరికి మొరాయించింది. పాఠం ఆపి అందరి ముందూ అతని ఫోన్ బాగు చేయబోకండి. అట్ట గానీ చీటీ గానీ అందించి, ఆ ఓటు కలిపి ఫలితం చదవండి. క్లాసు అయ్యాక ఏ ఫోన్, ఏ బ్రౌజర్, ఏ ప్రశ్న రకం, ఏ అడుగు దగ్గర ఆగిందో నాలుగు ముక్కలు రాసుకోండి. టూల్ తయారీదారుకు ఫిర్యాదు పంపేటప్పుడు ఆ నాలుగూ ఉంటేనే వాళ్లు దాన్ని తమ దగ్గర మళ్లీ చేసి చూడగలరు. "మా విద్యార్థికి పని చేయలేదు" అని మాత్రమే రాస్తే, తిరిగి వచ్చేది ఇవే నాలుగు ప్రశ్నలు.